పళ్ళ డాక్టరుగా ఉంటూ గట్టి చెస్ ఆటగాడిగా కొనసాగొచ్చా? చిత్తూరు బీడీఎస్ విద్యార్థికి జవాబు

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. చిత్తూరు అబ్బాయి, బీడీఎస్ మూడో సంవత్సరం. స్కూలు రోజుల నుంచి చెస్ ఆడుతున్నాడు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) ఇచ్చే రేటింగ్ 1700 దగ్గర ఉంది. ఇంట్లో "రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దు, ఏదో ఒకటి తేల్చుకో" అంటున్నారు. డెంటిస్టుగా స్థిరపడ్డాక కూడా ఆటలో గట్టివాడిగా ఉండడం కుదురుతుందా, అలా బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, చెస్ వల్ల వృత్తికి లాభం ఉందా, యూనివర్సిటీ పరీక్షల ముందు చెన్నైలో పడిన రేటింగ్ టోర్నమెంటుకి వెళ్ళాలా వద్దా అని అడిగాడు.

కుదురుతుంది. నేను తిరుపతిలో చాలా ఏళ్ళుగా పళ్ళ డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను, ఇప్పటికీ వీలు చిక్కినప్పుడల్లా టోర్నమెంట్లు ఆడుతున్నాను, కాబట్టి ఊహించి చెప్పడం లేదు. కాకపోతే ఆటను క్లినిక్కుకి తగ్గట్టు కత్తిరించుకోవాలి. క్లినిక్కునే ఆటకు తగ్గట్టు మార్చుకుందామని చూసినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళకి రెండూ దక్కలేదు.

ముందు మీ ఇంట్లో వాళ్ళ భయం సంగతి. వాళ్ళు చెస్ అనగానే గుకేశ్‌ని తలుచుకుంటున్నారేమో. 2006లో చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లాడు, 12 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్, 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి 18 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్. వాళ్ళ నాన్నగారు ఈఎన్‌టీ సర్జన్, కొడుకు వెంట దేశాలు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టేశారు. వరంగల్ అర్జున్ ఎరిగైసి వాళ్ళ నాన్నగారు న్యూరోసర్జన్. డాక్టర్ల ఇళ్ళలో చెస్ బాగానే పండుతోంది, కాకపోతే పండేది పిల్లల్లో, డాక్టర్లలో కాదు. ఆ దారి పదేళ్ళ వయసులో మొదలవుతుంది. ఇరవై దాటి 1700 దగ్గర ఉన్న మీకు అది ఎప్పుడో మూసుకుపోయింది. ఈ మాట ఇంట్లో స్పష్టంగా చెప్పండి, "ప్రొఫెషనల్ అవుతానని నేను అనడం లేదు" అని. సగం గొడవ అక్కడే చల్లారుతుంది. మీరు అడుగుతున్నది రెండో దారి గురించి. ఒకటి బతుకుతెరువు, ఒకటి ఆట, రెండూ బాగా చేయడం.

ఆ దారిలో నడిచినవాళ్ళు ఉన్నారు. జర్మనీలో జీగ్బర్ట్ టరాష్ (1862–1934) న్యూరెంబర్గ్‌లో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు. 1889 నుంచి 1894 లోపల బ్రెస్లౌ, మాంచెస్టర్, డ్రెస్డెన్, లైప్జిగ్ టోర్నమెంట్లు వరసగా గెలిచాడు. అప్పటి చాంపియన్ స్టైనిట్జ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడే అవకాశం వస్తే ప్రాక్టీసు వదిలి రాలేనన్నాడు. చివరికి 1908లో లాస్కర్‌తో ఆడేనాటికి వయసు మీరింది, ఓడిపోయాడు. మీరు ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగు మీద మూడో ఎత్తులో గుర్రాన్ని మంత్రి ముందుకు తెస్తుంటే ఆడుతున్నది ఈ డాక్టరు పేరు మీదున్న వేరియేషనే. ఇంకొకాయన ఫెడోర్ బొహతిర్చుక్, రేడియాలజిస్టు. 1927లో రొమనోవ్‌స్కీతో కలిసి సోవియట్ చాంపియన్ అయ్యాడు, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన బోట్విన్నిక్‌ని ఒకటికి మించి సార్లు ఓడించాడు, తర్వాత కెనడా వెళ్ళి ఒట్టావాలో అనాటమీ చెప్పాడు. అంత ఎత్తువాళ్ళ పక్కన మనం నిలబడలేం గానీ, రెండూ చేయొచ్చనడానికి సాక్ష్యం కావాలంటే వీళ్ళు చాలు.

నాకు మాత్రం వీళ్ళకంటే ఎక్కువ నేర్పింది చిత్తూరు పెద్దాయన ఒకరు. ఆయన పోయి చాలా కాలమైంది. పేరు రాయను, కుటుంబం ఇంకా అక్కడే ఉంది. మద్రాసులో చదువుకుని డెబ్బైల్లో చిత్తూరులో క్లినిక్కు పెట్టారు. తాడుతో తిరిగే డ్రిల్లు, ఎత్తడానికి కాలితో తొక్కే కుర్చీ, గోడకి ఒక దేవుడి క్యాలెండరు, అంతే సరంజామా. జనం ఆయన్ని "పళ్ళ డాక్టరు" అనేవాళ్ళు తప్ప చెస్ ఆడతారని ఊళ్ళో చాలామందికి తెలియదు. పోస్ట్‌మన్‌కి మాత్రం బాగా తెలుసు.

ఎందుకంటే ఆయన ఆడింది ఎక్కువగా ఉత్తరాల మీద. కరస్పాండెన్స్ చెస్ అంటే ఇప్పటి పిల్లలకి వింతగా ఉంటుంది. ఒక కార్డు మీద మీ ఎత్తు రాసి పోస్టు చేస్తారు, అవతలివాడు చెకోస్లొవేకియాలోనో అర్జెంటీనాలోనో ఉంటాడు, అతని జవాబు వారాల తర్వాత వస్తుంది. పది ఎత్తులకి ముప్ఫై రోజులు ఆలోచించుకునే గడువు, కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు. ఒక గేము ఏడాది, రెండేళ్ళు నడుస్తుంది. ఒకేసారి చాలా గేములు నడుస్తుంటాయి కాబట్టి ఎవరి కార్డు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పంపాం అన్నది పుస్తకంలో రాసుకోవాలి.

మధ్యాహ్నం ఒకటిన్నరకి పెద్దాయన షట్టరు సగం దించేవారు. చిత్తూరు ఎండలకి ఆ మూడు గంటలు ఊరు ఊరంతా పడుకుంటుంది. ఆయన అన్నం తిని, పుల్లలు గుచ్చే చిన్న బోర్డు తీసి, ఆ రోజు వచ్చిన కార్డు ముందు పెట్టుకునేవారు. ఒక రోజుకి ఒకే పొజిషన్. ఎత్తు తేల్చుకున్నా ఆ రోజు కార్డు రాసేవారు కాదు, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చూసి అప్పుడు రాసేవారు. నాలుగున్నరకి బోర్డు సొరుగులోకి, షట్టరు పైకి. సాయంత్రం చెస్ మాటెత్తితే "పేషెంట్లున్నారు నాయనా" అనేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. భాషలు వేరైనా అర్థమవ్వాలని అంతర్జాతీయ ఉత్తరాల చెస్‌లో ఎత్తుల్ని అంకెల్లో రాస్తారు. బోర్డు మీద ఎడమ నుంచి కుడికి నిలువు వరసలకి 1 నుంచి 8, కింది నుంచి పైకి అడ్డ వరసలకీ 1 నుంచి 8. తెల్లపావులతో ఆడేవాళ్ళు రాజు ముందున్న బంటుని రెండిళ్ళు జరిపితే 5254 అని రాస్తారు. ఇటు మన వృత్తిలో పళ్ళకి వాడే ఎఫ్‌డీఐ (ప్రపంచ దంతవైద్య సమాఖ్య) నంబర్లు కూడా రెండంకెలవే. మొదటి అంకె నోట్లో ఏ పావు భాగమో, రెండోది మధ్య నుంచి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. 46, 47 అంటే కింది కుడి దవడపళ్ళు. ఒకరోజు ఆయన నల్లపావులతో మంత్రి ముందున్న బంటుని ఒక ఇల్లు జరుపుతూ కార్డు మీద 4746 అని రాసి టేబుల్ మీద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళారు. కుర్చీలో నొప్పితో ఒక రైతు కూర్చుని ఉన్నాడు. కొత్తగా చేరిన కుర్రాడు కార్డు చూసి, కింది కుడి దవడ పళ్ళు పీకే ఫోర్సెప్స్, ఎలివేటర్లు ట్రేలో సర్ది, లోపలికి వచ్చి మెల్లిగా అడిగాడట, "సార్, నలభై ఏడూ నలభై ఆరూ రెండూ తీసేస్తున్నామా?" అని. రైతు లేచి నిలబడ్డాడు. రైతుకి పుచ్చింది పైపన్ను.

ఈ కథ ఆయన చాలాసార్లు చెప్పేవారు, ప్రతిసారీ రైతు కొంచెం ఎక్కువ దూరం పరిగెత్తేవాడు. కానీ దాని వెనకున్న లెక్క మాత్రం నిజం. నోట్లో 32 పళ్ళు, బోర్డు మీద 32 పావులు అని ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు మనకి జోకు చెబుతారు, దాంట్లో పసలేదు. అసలు విశేషం నంబర్లలో ఉంది. శాశ్వత దంతాల నంబర్లు 11–18, 21–28, 31–38, 41–48. కరస్పాండెన్స్ అంకెల్లో చూస్తే ఇవి సరిగ్గా మంత్రి వైపున్న సగం బోర్డు, 32 గళ్ళు, ఒకటి ఎక్కువ లేదు ఒకటి తక్కువ లేదు. పాలపళ్ళ నంబర్లు 51–55, 61–65, 71–75, 81–85, అవన్నీ రాజు వైపు పడతాయి. నల్లమంత్రి మొదట్లో నిలబడేది 48 మీద, అంటే కింది కుడి జ్ఞానదంతం, అడ్డంగా ఇరుక్కుని మనల్ని ఏడిపించేది. తెల్లరాజు ఉండేది 51 మీద, పసిపిల్లల పైవరస ముందు పాలపన్ను. నల్లరాజుది 58, అలాంటి పన్ను ఏ నోట్లోనూ లేదు. ఇది కేవలం కాకతాళీయం, దీనివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు, కానీ ఓరల్ డయాగ్నసిస్ పరీక్షకి నంబర్లు బట్టీ పట్టలేక ఏడుస్తుంటే మీకు పనికొస్తుందేమో చూసుకోండి.

ఆయన బలం ఎంత అని అడిగితే చెప్పడం కష్టం. తొంభైల మొదటి దాకా ఫిడే జాబితాలో 2200 కంటే కిందివాళ్ళ పేర్లే ఉండేవి కావు, కాబట్టి ఆ తరం మంచి ఆటగాళ్ళు చాలామందికి అంకె అంటూ లేదు. ఎదురుగా కూర్చుని ఆడితే మేమంతా డ్రా వస్తే చాలనుకునేవాళ్ళం. వీలైన ఆదివారాల్లో కాట్పాడి వెళ్ళి మద్రాసు రైలెక్కి సోవియట్ కల్చరల్ సెంటర్‌లోని తాల్ చెస్ క్లబ్బుకి వెళ్ళేవారు. ఆనంద్ చిన్నప్పుడు ఆడిన క్లబ్బు అదే. 1988లో ఆనంద్ దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టర్ అయ్యాక, చిత్తూరులో కనబడిన ప్రతివాళ్ళూ "సార్, మీరు ఆనంద్‌తో ఆడారా" అని అడిగేవాళ్ళు. "లేదు, ఆ పిల్లాడి పళ్ళు బాగున్నాయి" అనేవారు.

మీకు పనికొచ్చేది ఆయన టోర్నమెంటుకి ఊరు వదిలే పద్ధతి. నేను ఇప్పటికీ అదే పాటిస్తాను. బయల్దేరడానికి పది రోజుల ముందు నుంచీ కొత్త రూట్ కెనాల్ మొదలుపెట్టరు. సగంలో ఆపి తాత్కాలికంగా మూసిన పన్నుకి మీరు లేనప్పుడే నొప్పి లేస్తుంది. బయల్దేరే ముందు రెండు మూడు రోజులు పళ్ళు తీయరు, ఎందుకంటే డ్రై సాకెట్ (పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోవడం) నొప్పి తీసిన రోజున రాదు, రెండో రోజో మూడో రోజో మొదలవుతుంది, అప్పుడు డాక్టరు ఊళ్ళో ఉండాలి. దానికి బదులు ఆ వారం కట్టుడు పళ్ళకీ క్యాపులకీ కొలతలు తీసుకుంటారు. అవి ల్యాబులో తయారవుతుంటాయి, మనం లేకపోయినా పని సాగుతుంది, తిరిగొచ్చేసరికి బిగించడమే. పేషెంటుకి లోటు లేదు, ఆదాయానికీ పెద్దగా దెబ్బ లేదు, ఆటలో కూర్చున్నప్పుడు ఫోను మోగుతుందన్న టెన్షన్ లేదు. ఎమర్జెన్సీ చూడమని పక్క వీధి డాక్టరుకి చెప్పి వెళ్ళడం మామూలే, ఆయన ఊరెళ్ళినప్పుడు మనం చూస్తాం.

సెలవులు చూసుకుని ఆడదాం అనుకోవద్దు. టోర్నమెంట్లు పడేది దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి. పిల్లలకి క్లిప్పులు పెట్టించడానికి తల్లిదండ్రులు వచ్చేది కూడా అప్పుడే. తిరుపతిలో అయితే బ్రహ్మోత్సవాల రోజుల్లో గుండు చేయించుకుని చెంప పట్టుకుని వచ్చే యాత్రికులు వేరే. "రాత్రికి దర్శనం ఉంది సామీ, క్యూలో నిలబడలేకున్నా, ఏదో ఒకటి చెయ్యండి" అంటారు. వాళ్ళని మళ్ళీ రమ్మనడానికి లేదు, తెల్లారితే రైలెక్కేస్తారు. చిత్తూరు వైపు తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి తోలి డబ్బు చేతికొచ్చాక ముసలివాళ్ళకి కట్టుడు పళ్ళు పెట్టిస్తారు, జూన్ జూలైలు అలా పోతాయి. మన సీజన్ ఏదో రెండేళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. ఖాళీగా ఉండే వారాలు తప్పకుండా ఉంటాయి, వాటిలో పడే టోర్నమెంట్లే మనవి.

రోజువారీ సమయం కూడా అంతే. డెంటిస్టుకి తీరిక లేదన్న మాట నిజం కాదు, ఉంది, కానీ మధ్యాహ్నం ఉంది. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా మనకి తిండి పెట్టే సమయం, ఆన్‌లైన్ లీగులు జరిగేదీ అప్పుడే, కాబట్టి వాటికి దణ్ణం పెట్టండి. రాత్రి ఆడదామంటే తల పనిచేయదు. రూట్ కెనాల్ చేస్తూ పై దవడ 16లో నాలుగో కాలువ కోసం గంటసేపు వెతికిన రోజు మీరు మూడెత్తుల కాంబినేషన్ కూడా చూడలేరు. ఇది బద్ధకం కాదు, ఏకాగ్రత అయిపోవడం. తెల్లవారుజామున అరగంట పజిల్స్, మధ్యాహ్నం గంట చదువు. పెళ్ళయి పిల్లలు పుట్టాక తెల్లవారుజాము కూడా పోతుంది, ఇప్పుడే అనుభవించండి.

రేటింగ్ గురించి కొంచెం లెక్క చూద్దాం, ఎందుకంటే మీలాంటివాళ్ళు ఆట మానేసేది ఎక్కువగా దీనివల్లే. 2024 మార్చిలో ఫిడే 2000 కంటే కింద ఉన్నవాళ్ళందరికీ ఒకసారి పాయింట్లు కలిపింది. 2000కి మీరెంత దూరంలో ఉంటే అందులో 40 శాతం. 1500 ఉన్నవాడు రాత్రికి రాత్రి 1700 అయ్యాడు. రేటింగ్ కనిష్ఠం కూడా 1000 నుంచి 1400కి పెరిగింది. మీ 1700 ఆ సర్దుబాటుకి ముందుదా తర్వాతదా చూసుకోండి, రెంటికీ చాలా తేడా. ఇక మన ఓపెన్ టోర్నమెంట్లలో మీ ఎదుట కూర్చునేది కుర్చీ మీద మోకాళ్ళేసుకుని ఆడే తొమ్మిదేళ్ళ పిల్ల. రేటింగ్ 1400 ఉంటుంది, ఆట 1800 ఉంటుంది. మీకూ ఆమెకూ 300 తేడా ఉంటే లెక్క ప్రకారం మీరు 85 శాతం రాబట్టాలి. ముప్ఫై గేములు దాటిన పెద్దవాళ్ళకి కే విలువ (ఒక గేముతో రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) 20 కాబట్టి గెలిస్తే మీకు వచ్చేది 3 పాయింట్లు, డ్రా అయితే పోయేది 7, ఓడితే పోయేది 17. ఆ పిల్లకి కే 40, గెలిస్తే 34 వస్తాయి. మీరు ఏటా రెండు టోర్నమెంట్లు ఆడతారు, ఆమె ఇరవై ఆడుతుంది. అంకె కోసం ఆడితే ఈ వ్యవహారం మీ కడుపు మంట తప్ప ఇంకేమీ ఇవ్వదు. ఉద్యోగం చేసుకుంటూ 2000 దాటితే నా దృష్టిలో మీరు గట్టి అమెచ్యూర్, అది చేరదగ్గ గమ్యమే. 2200 అతి కొద్దిమందికి.

క్లాసికల్ టోర్నమెంటంటే గంటన్నర, ఎత్తుకి ముప్ఫై సెకన్లు అదనం, రోజుకి రెండు రౌండ్లు, నాలుగైదు రోజులు. రెండో రౌండ్లో నాలుగో గంటకి మెడ పట్టేస్తుంది. రోజంతా మెడ వంచి పనిచేసే మనకి బోర్డు ముందు కూడా అదే భంగిమ, అదనపు శిక్ష. మీ ఎత్తు వేయగానే లేచి నడవండి. ప్రాస్పెక్టస్‌లో సగం పాయింటు బై (ఒక రౌండు ఆడకుండానే సగం పాయింటు) ఇస్తారేమో చూసి, ఇస్తే ఒక రౌండుకి తీసుకోండి, సిగ్గు పడాల్సిందేం లేదు. క్లినిక్కు నడిపేవాళ్ళకి ఆదివారం ఒక్కరోజులో అయిపోయే ర్యాపిడ్ టోర్నమెంట్లు మరీ అనుకూలం. చెన్నైకి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేయొచ్చు.

ఏం చదవాలి అంటే, ఓపెనింగులు తక్కువ, ఎండ్‌గేమ్ ఎక్కువ. తెల్లతో ఒకటి, నల్లతో రెండు ఓపెనింగులు పెట్టుకుని పదేళ్ళు మార్చకండి. కొత్త కొత్త లైన్లు తెలుసుకోవడంలో కోచింగులో ఉన్న పిల్లలతో మీరు పోటీ పడలేరు. ఏనుగుల ఎండ్‌గేమ్ మాత్రం ఒకసారి వంటబడితే పోదు. ఫిలిడోర్ పొజిషన్, లూసెనా పొజిషన్ నిద్రలో లేపి అడిగినా ఆడగలగాలి. దూసుకెళ్ళే బంటు వెనక ఏనుగు ఉండాలన్నది టరాష్ చెప్పిన సూత్రమే. ఆ తొమ్మిదేళ్ళ పిల్లని మీరు ఓడించగలిగేది నలభయ్యో ఎత్తు తర్వాతే. ఉత్తరాల చెస్ ఇప్పుడు సర్వర్ మీదికి వచ్చింది. అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ అందులో కంప్యూటర్ సాయాన్ని అనుమతిస్తుంది, అందుకే పైస్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే. మీకది వద్దు. లైచెస్ అనే చెస్ వెబ్‌సైటులో ఎత్తుకి రెండు మూడు రోజులు గడువు పెట్టుకుని, ఇంజిన్ ముట్టుకోకుండా ఆడితే పెద్దాయన మధ్యాహ్నాలు మీకూ దొరుకుతాయి.

చెస్ వల్ల మంచి డెంటిస్టు అవుతారా? అవ్వరు. కాలేజీ ఫంక్షన్లలో చెప్పే మాటలు నమ్మకండి. 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన పని ఒకటుంది. నిజమైన గేములోని పొజిషన్ ఐదు సెకన్లు చూపిస్తే మాస్టరు చాలా పావుల్ని సరిగ్గా తిరిగి పేర్చాడు, కొత్తగా నేర్చినవాడు కొన్నింటినే పేర్చగలిగాడు. అవే పావులు అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే మాస్టరు గొప్పతనం దాదాపు మాయమైపోయింది. అంటే అది మామూలు జ్ఞాపకశక్తి కాదు, చెస్ జ్ఞాపకశక్తి, చెస్ దగ్గరే ఉండిపోతుంది. మీ చేతికి క్రౌన్ ప్రిపరేషన్ (క్యాపు కోసం పన్ను చెక్కడం) రావాలంటే క్రౌన్ ప్రిపరేషన్లే చేయాలి.

పెద్దాయనకి ఆట ఇచ్చింది ఇంకోటి అనుకుంటాను. మనం రోజంతా మనుషుల మధ్యే ఉంటాం గానీ వాళ్ళ నోట్లో మన చేతులుంటాయి. ప్రశ్నలు మనవే, జవాబులూ మనవే. ఆయనకి కార్డుల మీద ఎత్తు కింద నాలుగు ముక్కలు రాసే స్నేహితులు ఉండేవాళ్ళు, మంచు పడిందనీ, మనవడు పుట్టాడనీ. అరవై దాటాక చెయ్యి కాస్త వణకడం మొదలవగానే, ఎవరూ చెప్పకముందే ఆయనే ప్రాక్టీసు ఆపేశారు. చెస్‌కి చెయ్యి వణికినా ఫర్వాలేదు. మన వృత్తిలో రిటైర్మెంటు ఎప్పుడన్నది వయసు చెప్పదు, వేళ్ళు చెబుతాయి. ఆ తర్వాత ఇంకో పదేళ్ళు రోజూ మధ్యాహ్నం ఆయనకి పనుంది.

క్లినిక్కులో మాత్రం ఫోన్లో చెస్ తెరవకండి. దిగువ దవడకి బ్లాక్ (మత్తు ఇంజెక్షన్) ఇచ్చాక మొద్దుబారడానికి కొన్ని నిమిషాలు ఆగాలి కదా, ఆ వ్యవధిలో పజిల్ చేసే కుర్రడాక్టర్లని చూశాను. ఇంజెక్షన్ భయానికి పేషెంటు కళ్ళు తిరిగి పడిపోయేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే. కళ్ళు పేషెంటు ముఖం మీద ఉండాలి. పేషెంటుకీ పేషెంటుకీ మధ్య బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే ఆట) ఇంకా చెడ్డది, టైమ్ అయిపోయి ఓడిన చిరాకు తర్వాత వచ్చిన ముసలమ్మ మీద చూపిస్తారు.

ఇక మీ చదువు. మూడో ఏడు జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, ఓరల్ పాథాలజీ. తేలిగ్గా తీసుకునే సంవత్సరం కాదు గానీ, అసలు ఊపిరాడనిది ఫైనలియర్. ఎనిమిది సబ్జెక్టులు, ప్రతి డిపార్ట్‌మెంట్లో పూర్తి చేయాల్సిన కేసుల కోటా, పేషెంటు రాకపోతే మీరే బతిమాలి తెచ్చుకోవాలి. ఆ ఏడాది టోర్నమెంట్లు మానేయండి, పజిల్స్ మాత్రం మానొద్దు. ఇంటర్న్‌షిప్‌లో మళ్ళీ కాస్త తెరిపి ఉంటుంది. ఎండీఎస్ చేస్తే ఇంకో మూడేళ్ళు ఆట పడుకుంటుంది, అది తెలిసే చేరండి. ఈలోగా మీ యూనివర్సిటీ జట్టు సెలెక్షన్ల నోటీసు కోసం కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి చుట్టూ తిరగండి. అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో ఆడితే హాజరు ఇస్తారు, ఇంట్లో వాళ్ళకి సర్టిఫికెట్ కనబడుతుంది. డెంటల్ కాలేజీల్లో గట్టిగా ఆడేవాళ్ళు తక్కువ, మీకు జట్టులో చోటు దొరికే అవకాశం బాగానే ఉంది.

చెన్నై టోర్నమెంటు పరీక్షల ముందంటున్నారు కాబట్టి వెళ్ళొద్దు. ఎంట్రీ ఫీజు కట్టేసి ఉంటే నిర్వాహకులకి ఇప్పుడే మెసేజ్ పెట్టండి, గడువు లోపల చెబితే కొందరు తిరిగిస్తారు. చెప్పకుండా మానేస్తే మొదటి రౌండులో మీ ఎదుట కూర్చోవాల్సినవాడు ఊరుగాని ఊరొచ్చి గడియారం చూస్తూ కూర్చుంటాడు.